వెనిగర్, వంటసోడా, 10 రోజులు: గోరు ఫంగస్ మెసేజ్‌లో నిజమెంత?

ఫోన్లలో తెగ తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది. దాని సారాంశం: "కాలిగోరు పసుపుపచ్చగా, మందంగా మారిందంటే అది ఫంగస్సే, పరీక్షలు అక్కర్లేదు. వెనిగర్‌లో వంటసోడా కలిపి రోజూ పాదాలు నానబెడితే 10 రోజుల్లో గోరు మామూలైపోతుంది. డాక్టర్లు రాసే మాత్రలు లివర్‌ను పాడుచేస్తాయి. ఇలా తగ్గితే మళ్లీ రాదు." ఇందులో మూడు మాటలు తప్పు, ఒకటి సగం నిజం.

"10 రోజుల్లో మామూలైపోతుంది"

అసలు కుదరని మాట. రంగు మారి మందమైన గోరు మళ్లీ బాగుపడదు. వెనకనుంచి కొత్త గోరు పెరుగుతూ దాన్ని ముందుకు నెడితే, మనం కత్తిరించి పారేయాలి. కాలిగోరు నెలకు సుమారు 1.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే 10 రోజుల్లో అర మిల్లీమీటరు! బొటనవేలి గోరు మొత్తం కొత్తది రావాలంటే 12 నుంచి 18 నెలలు పడుతుంది. చేతిగోళ్లు దాదాపు రెట్టింపు వేగంతో పెరుగుతాయి, వాటికి ఆరు నెలలు చాలు.

ఇది తెలియక మాత్రలు వాడేవాళ్లు కూడా టెన్షన్ పడతారు. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్ర కోర్సు కాలిగోళ్లకు సాధారణంగా 12 వారాలు, చేతిగోళ్లకు 6 వారాలు. కోర్సు అయిపోయేసరికి కాలిగోరు ఇంకా పచ్చగానే ఉంటుంది. మందు మానేశాక కూడా అది కొన్ని నెలలపాటు గోరులో నిలిచి ఉంటుంది కాబట్టి అప్పుడే నిరాశ పడక్కర్లేదు. గోరు మొదలు దగ్గర శుభ్రమైన భాగం వస్తోందా అన్నదే చూసుకోవాలి.

"వెనిగర్‌లో వంటసోడా"

ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం. కలిపితే రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. పైకి పొంగే నురగ కార్బన్ డయాక్సైడ్, మిగిలేది ఉప్పునీళ్లలాంటి ద్రవం. నురగ చూసి మందు పనిచేస్తోందని సంబరపడతాం, అంతే.

పైగా ఫంగస్ ఎక్కువగా ఉండేది గోరు కింద. గోళ్ల కోసమే తయారుచేసిన ఎఫినకొనజోల్ లాంటి పూతమందును 48 వారాలు రోజూ రాసినా, ప్రయోగాల్లో పూర్తిగా నయమైనవాళ్లు నూటికి 15 నుంచి 18 మందే. మాత్రలతోనూ అందరికీ నయం కాదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఇలాంటి ద్రవాల్లో కాళ్లు పెడితే చర్మం దెబ్బతిన్నా తెలియదు. నాకు ఈ మెసేజ్‌లో అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

"అది ఫంగస్సే"

వికారంగా మారిన గోళ్లలో సుమారు సగమే ఫంగస్ వల్ల. మిగతావాటికి సోరియాసిస్, బిగుతు బూట్ల రాపిడి, పాత దెబ్బ, వయసు కారణాలు కావచ్చు. అందుకే స్కిన్ డాక్టర్లు గోరు ముక్కను, దాని కింది పొడిని తీసి ల్యాబ్‌కు పంపుతారు. అంతకుముందే ఫంగస్ క్రీములు రాసేస్తే పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. గోరు కింద కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, అది అరుదుగా మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు.

"మాత్రలు లివర్‌ను పాడుచేస్తాయి"

సగం నిజం ఇదే. టెర్బినాఫిన్‌తో లివర్ దెబ్బతినడం అరుదు, కానీ లేదనలేం. అందుకే మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయిస్తారు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరు. వాడుతుండగా ఆకలి పోయినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా మందు ఆపి వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఇంకో మాత్ర ఇట్రాకొనజోల్‌ను హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు గోరు ఫంగస్ కోసం ఇవ్వకూడదు. ఇవన్నీ సొంతంగా కొని మింగకూడదనడానికి కారణాలు, వైద్యమే వద్దనడానికి కాదు.

"మళ్లీ రాదు"

వస్తుంది, తరచుగానే. గోళ్లకు ఎక్కువగా పట్టే ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్ ఒంటిమీద తామరకూ, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని పగలడానికీ కారణమవుతుంది. సందుల్లోది వదిలేసి గోరుకు మాత్రమే మందు వాడితే అది తిరిగి గోరెక్కుతుంది. సందులకు క్రీము రాయాలి, స్నానమయ్యాక అక్కడ తడి లేకుండా తుడవాలి, చెమట పట్టిన సాక్సులు మార్చాలి, బూట్లు ఆరనివ్వాలి. నలుగురూ వాడే స్నానాల గదుల్లో చెప్పులు వేసుకోవాలి. నెయిల్ కట్టర్ ఎవరిది వాళ్లకే ఉండాలి.