"ఎన్ని ఆంప్స్ అన్నా?" ఒక్కటే అడిగితే ఎలా

ఇంట్లో ఆర్గాన్ వెల్డింగ్ చేసుకుందామని మిషన్ కొనేవాళ్లు షాపులో అడిగేది ఒక్కటే, "ఎన్ని ఆంప్స్ అన్నా?" ఆయన 200 అంటాడు, బేరం అయిపోతుంది. ఆ 200 ఎంతసేపు ఇస్తుంది, ఎంత వేడిలో ఇస్తుంది అని అడిగేవాళ్లు ఏరీ?

మిషన్ మీద ప్లేటు ఉంటుంది, కాస్త చదవండి బాబూ. 200 దగ్గర డ్యూటీ సైకిల్ 30 శాతం అని ఉందంటే పది నిమిషాల్లో మూడు నిమిషాలే ఆర్క్ (లోహాన్ని కరిగించే మెరుపు), మిగతా ఏడు నిమిషాలు ఫ్యాన్ తిరుగుతుంటే మీరు టీ తాగాలి. అదీ చుట్టూ 40 డిగ్రీల వేడి ఉన్నప్పటి లెక్క. చవక మిషన్లు కొన్నిటి మీద ఏ వేడిలో లెక్కగట్టారో కూడా రాయరు. మే నెలలో రామగుండంలో రేకుల షెడ్డు కింద ఎంతుంటుందో నేను చెప్పాలా?

ఇక కరెంటు సంగతి. టిగ్‌లో (ఆర్గాన్ వెల్డింగ్ అసలు పేరు ఇదే) 200 ఆంప్స్ దగ్గర ఆర్క్ వోల్టేజీ సుమారు 18, అంటే ఆర్క్‌కే 3.6 కిలోవాట్లు. మిషన్‌లో వృథా అయ్యేది, పవర్ ఫ్యాక్టర్ వల్ల అదనంగా లాగేది కలిపితే గోడలోంచి లాగేది 25 ఆంప్స్ దాటిపోతుంది. మన గీజర్ పాయింటేమో 16 ఆంప్స్‌దే. ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతే మిషన్‌ని తిట్టి, పాత వైరు అలాగే ఉంచి పెద్ద ఎంసీబీ వేయించే మహానుభావులున్నారే, వాళ్లకి దండం. గోడలో వైరు కాలుతుంది సార్.

అసలు అంత కరెంటు మనకెందుకు? ఇనుముకి మందం మిల్లీమీటరుకి 40 ఆంప్స్ చొప్పున వేసుకుంటే 2 ఎంఎం ట్యూబుకి 80 చాలు, ఆ 16 పాయింటు మీద హాయిగా నడుస్తుంది. పైగా 200 మిషన్‌తో చాలాసార్లు ఇచ్చే డబ్ల్యూపీ-17 రకం టార్చ్ (చేత్తో పట్టుకునే పిడి) డీసీలో 150కే రేటింగ్ ఉన్నది. ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

సెట్టింగ్ దగ్గర ఇంకో తంటా. రాడ్ వెల్డింగ్ అలవాటుతో టార్చ్‌ని ప్లస్‌లో పెడతారు, టార్చ్‌లో ఉండే టంగ్‌స్టన్ పుల్ల మొన కరిగి గుండు కడుతుంది. టార్చ్ మైనస్‌కి, ఎర్త్ క్లాంపు ప్లస్‌కి. సీవోటూ సిలిండర్ పనికిరాదు, ఆర్గానే కావాలి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, గ్యాస్ చెదిరిపోతే అతుకు నిండా బొక్కలే. పది లీటర్ల సిలిండర్ 150 బార్‌కి నింపితే సుమారు 1500 లీటర్ల గ్యాస్, నిమిషానికి 8 లీటర్లు వదిలితే మూడు గంటల ఆర్క్. మిషన్ బడ్జెట్‌లో ఈ రీఫిల్ ఖర్చు ఎవరైనా వేసుకుంటున్నారా?

అన్నట్టు, "అల్యూమినియం కూడా చేస్తుంది" అని షాపాయన అంటే ఏసీ స్విచ్ ఎక్కడుందో అక్కడే చూపించమనండి. ఉత్త డీసీ మిషన్ అయితే అల్యూమినియం ఆశ వదిలేసుకోండి.