మోకాలి గుజ్జులో తెల్ల గీత కనిపిస్తే కాల్షియం మాత్రలు మానేయాలా?

వయసు అరవై దాటాక తీసిన మోకాలి ఎక్స్‌రేలో, ఎముకల మధ్య ఖాళీగా కనిపించాల్సిన చోట కొందరికి సన్నటి తెల్ల గీత ఉంటుంది. రిపోర్టులో కాల్షియం అన్న మాట చూడగానే పాలు మానేస్తారు, డాక్టర్ రాసిన మాత్రలు పక్కన పడేస్తారు. ఎముకలు గుల్లబారే వయసులో ఇంతకన్నా నష్టం లేదు.

ఆ గీత తిండి వల్ల వచ్చింది కాదు. మనం గుజ్జు అనే మృదులాస్థిలోని కణాలు, తాము శక్తికి వాడుకునే ఏటీపీ అనే పదార్థాన్ని బయటికి వదులుతుంటాయి, ఒక ఎంజైమ్ దాన్ని విరిచి పైరోఫాస్ఫేట్ అనే పదార్థం తయారు చేస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ పైరోఫాస్ఫేట్‌ను ఎప్పటికప్పుడు విడగొడుతుంది. మామూలు మోతాదులో ఉన్నంతకాలం పైరోఫాస్ఫేట్ మంచిదే, ఎముకలో ఉండే ఖనిజం గుజ్జులో పేరుకోకుండా ఆపేది అదే. మితిమీరితే మాత్రం అక్కడున్న కాల్షియంతో కలిసి తనే స్ఫటికంగా మారుతుంది, ఎక్స్‌రేలో తెల్ల గీతలా కనిపించేది అదే. ఫాస్ఫటేజ్ పనిచేయాలంటే మెగ్నీషియం ఉండాలి, అందుకే ఒంట్లో మెగ్నీషియం తగ్గినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

చాలామందికి ఈ స్ఫటికాలు ఉన్నా ఏ బాధా ఉండదు. కానీ అవి గుజ్జులోంచి కీలులోకి రాలితే రోగనిరోధక కణాలు మీద పడతాయి, వాపు పుట్టించే ఇంటర్‌ల్యూకిన్-1 అనే ప్రోటీన్ విడుదలై రాత్రికి రాత్రే మోకాలో మణికట్టో వాచి ఎర్రబడుతుంది, జ్వరం కూడా రావచ్చు. యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల కీళ్లు వాచే గౌట్ జబ్బు లాగే అచ్చంగా ఉంటుంది. 1962లో డేనియల్ మెకార్టీ బృందం కీలు నీటిలో ఈ స్ఫటికాలను గుర్తించి, ఇది గౌట్ కాదు, వేరే జబ్బు (సూడోగౌట్) అని చూపించింది.

ఆ సంగతి తెలిసి అరవయ్యేళ్లు దాటిపోయినా యూరిక్ యాసిడ్ రక్తపరీక్ష ఒక్కటి చూసి గౌట్ మందులు మొదలుపెట్టడం ఇంకా జరుగుతూనే ఉంది, నాకు కోపం తెప్పించేది ఇదే. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నంత మాత్రాన వాచిన కీలులో ఉన్నది అదేనని కాదు. సూదితో కాస్త నీరు తీసి పోలరైజ్డ్ మైక్రోస్కోపు కింద చూస్తే గౌట్ స్ఫటికాలు సూదుల్లా కనిపిస్తాయి, ఈ కాల్షియం స్ఫటికాలు పొట్టిగా, పలకల్లా ఉంటాయి. అదే నీటిలో ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో కూడా తెలుస్తుంది, ఇన్‌ఫెక్షన్‌ను గుర్తించడం ఆలస్యమైతే కీలే పోవచ్చు.

ఈ స్ఫటికాలను కరిగించే మందు ఇప్పటికీ లేదు. నీరు తీయడం, ఐస్, కొల్చిసిన్, స్టెరాయిడ్ ఇవన్నీ వాపును తగ్గించేవే. అరవై లోపే ఈ గీత కనిపిస్తే మాత్రం మెగ్నీషియం, ఐరన్, పారాథైరాయిడ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే గ్రంథి) పరీక్షలు చేయించమని డాక్టర్‌ని గట్టిగా అడగండి.