ఆరుద్రకు గ్యాస్ ట్రబుల్, అమ్మాయికి హోమం

మా వీధి చివర, టీ అంగడి పైన మేడ మీద ఒక జ్యోతిష కార్యాలయం ఉంది. ఏసీ ఉంది, రిసెప్షన్ ఉంది, వెంకన్న పటం పక్కనే ఫోన్‌పే స్కానర్ ఉంది. 2020లో ఆ కార్యాలయం ఖగోళశాస్త్రంలో కాలు పెట్టింది. బెటెల్‌జ్యూస్ నక్షత్రం మసకబారిందని అప్పట్లో ప్రపంచమంతా వార్త. అది మన ఆరుద్రే. ఇంకేం, మెట్ల దగ్గర ఫ్లెక్సీ లేచింది: 'ఆరుద్ర జాతకులకు హెచ్చరిక!' ఆ హెచ్చరిక ఇప్పటికీ ముగియలేదు. ఏటా ధనుర్మాసానికి కొత్త ఫ్లెక్సీ కడతారు, జ్యోతిషం చెప్పే స్వామివారి ఫొటో కొంచెం పెద్దదవుతుంది.

నక్షత్రమే నీరసించాక ఆ నక్షత్రంలో పుట్టినవాళ్లకు బలం ఎక్కడిది అన్నది వారి ప్రశ్న. న్యాయమే. కరెంటు పోతే ఫ్యాను తిరగదు కదా. స్వామివారి సిద్ధాంతాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. నా సందేహం ఒక్కటే. జబ్బు నక్షత్రానిదైతే మందు మనిషికెందుకు? రోగినే పిలిపించాలి.

పిలిపించారనే అనుకుందాం. ఆరుద్రది మామూలు ఒళ్లు కాదు. సూర్యుడి స్థానంలో కూర్చోబెడితే బుధుడు, శుక్రుడు, మనం, అంగారకుడు అందరం దాని కడుపులోనే. రేణిగుంటలో విమానం దిగడం కష్టమే. అయినా ఎట్లాగో వచ్చింది. చెప్పులు కింద వదిలి, టోకెన్ తీసుకుని కూర్చుంది.

"పేరు?"

"ఆరుద్ర."

"ఏ నక్షత్రం?"

"నేనే నక్షత్రం సామీ."

"అది సరేమ్మా, పుట్టింది ఏ నక్షత్రంలో? పాదం తెలుసునా?"

"నేను పుట్టి కోటి ఏళ్లకు లోపే. అప్పటికి పంచాంగం లేదు. చూసేదానికి మీరూ లేరు."

"కోటి ఏళ్లకే ముసలిదానివైనావా?"

"లావుగా పుట్టినోళ్లకు లోపలుండే హైడ్రోజన్ తొందరగా అయిపోతుంది సామీ. మీ సూర్యుడు చిన్నోడు, పొదుపుగా కాల్చుకుంటాడు. నాలుగున్నర వందల కోట్ల ఏళ్లొచ్చినా ఇంకా నడివయసే."

"వెలుగు తగ్గిందంట?"

"నాకది మామూలే. ఇంచుమించు నాలుగు వందల రోజులకొకసారి ఉబ్బుతా, తగ్గుతా. 1836లోనే జాన్ హెర్షెల్ దొర గమనించినాడు. మొన్న 2019లో మాత్రం ఒంట్లోంచి పెద్ద గ్యాస్ ముద్ద బయటికి తన్నింది. అది చల్లారి, దుమ్మయి, నా మొఖానికే అడ్డం పడింది. 2020 ఫిబ్రవరికి నా వెలుగు సగం కూడా మీకు అందలా. ఏప్రిల్‌కంతా మళ్లీ మామూలే."

"గ్యాస్ ట్రబుల్" అని రాసుకున్నారు స్వామివారు. "నీకు ఎప్పట్నుంచమ్మా?"

"మీకు కనపడింది 2019లో. నా వెలుగు తిరుపతికి చేరాలంటే ఐదు నుంచి ఏడు వందల ఏళ్లు పడుతుంది. కృష్ణదేవరాయలు 1513లో కొండెక్కినాడు చూడండి, ఆ కాలంలోనో, అంతకు ముందో జరిగిపోయింది."

స్వామివారు క్యాలిక్యులేటర్ తీశారు. "ఐదు వందల ఏళ్ల పాత దోషం. శాంతికి ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది."

ఆరుద్ర అయితే లేచి పోతుంది. దానికి పెళ్లి కావాలా, అత్తారిల్లు కావాలా? కానీ నిజంగా ఆ కుర్చీలో కూర్చున్నది మా పక్కింటి పిల్ల. ఎమ్మెస్సీ చదివి బడిలో పాఠాలు చెబుతుంది. చిత్తూరు నుంచి సంబంధం వచ్చింది. వాళ్లు కాఫీ తాగారు, మైసూర్‌పాక్ తిన్నారు, పిల్ల నచ్చిందన్నారు. కారెక్కబోతూ అబ్బాయి పెదనాన్న, "పాపది ఆరుద్రా? అదేదో ఆరిపోతా ఉందంటనే?" అన్నాడు. తర్వాత ఫోన్ లేదు. ఆ వారంలోనే పిల్ల వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టి హోమం చేయించింది.

గాజులు! రాయల కాలంనాటి దుమ్ముకు తిరుపతిలో ఒక తల్లి చేతులు బోసిపోవాలా? సిగ్గుండక్కర్లేదా ఆ డబ్బు తీసుకోవడానికి? ఆయనేమీ చదువురాని మనిషి కాదు. ఫోన్‌లో నక్షత్రాల యాప్ ఉంది. మసకబారిందన్న వార్త చదివినవాడు, కోలుకుందన్న వార్త చదవలేదంటే నేను నమ్మను. చదివే దాచాడు. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదింటికి తలెత్తితే దాదాపు నడినెత్తిన ఎర్రగా ఉంటుంది ఆరుద్ర. ఆయన గది నుంచి నాలుగు మెట్లెక్కితే డాబా. ఎక్కిన పాపాన పోలేదు.

మా తాత కూడా ఆరుద్రను నమ్మినవాడే. కార్తె వస్తే వేరుశనగ విత్తనాలు బయటికి తీసేవాడు, ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని మబ్బు కోసం చూసేవాడు, చేలో ఎర్రటి ఆరుద్ర పురుగు కనబడితే మురిసిపోయేవాడు. ఆ పేరు చెప్పి ఎవరి ఆడపిల్లనూ ఏడిపించలేదు.

సరే, లెక్కలకే వద్దాం. 2023లో ఇదే ఆరుద్ర మామూలు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వెలిగింది. ఆ లెక్కన ఆరుద్ర పిల్లలకు బోనస్ రావాలి, కనీసం హోమం డబ్బులైనా వాపసు రావాలి. ఫ్లెక్సీలో ఆ ముక్క లేదు. 2025లో హవాయిలోని జెమిని నార్త్ టెలిస్కోపుతో చూసినవాళ్లు ఆరుద్ర పక్కనే ఒక చిన్న తోడు నక్షత్రం ఉన్నట్టుందని ప్రకటించారు. జాతకాలు చూపించకుండానే దానికి జోడీ కుదిరింది. మా పక్కింటి పిల్లకు ఇంకా చూస్తున్నారు.

మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండం, ఆశ్లేష అయితే అత్తకు, విశాఖ అయితే మరిదికి, జ్యేష్ఠ అయితే బావగారికి. ఇవన్నీ పాత రేట్లు. మగపిల్లాడి నక్షత్రం తగిలి ఎవరైనా పోయినట్టు మా వీధిలో ఇంతవరకూ వినలేదు. ఇందులో జ్యేష్ఠ కూడా ఆరుద్ర లాంటి ఎర్రటి మహా నక్షత్రమే, దాని వెలుగూ పెరిగి తగ్గుతుంటుంది. ఆ సంగతి మేడ మీదికి ఇంకా చేరలేదు. మీకు పుణ్యముంటుంది, చెప్పకండి.