నిల్ మహిమ

మొన్న బుధవారం మా మనవరాలికి పద్నాలుగు వారాల టీకాలు వేయించడానికి సబ్‌సెంటర్‌కి వెళ్లాం. పిల్ల ఊరంతా వినేలా ఏడ్చింది. "అరగంట కూర్చుని వెళ్లండి" అన్నారు సిస్టర్. ఉన్నది ఒకే బల్ల. దాని మీద అప్పటికే టీకాల డబ్బా కూర్చుని ఉంది.

నిలబడి ఏం చేస్తాం, రిజిస్టర్‌లోకి తొంగిచూశాను. టీకా తర్వాత ఇబ్బందుల గడిలో ‘నిల్’. ఈ బుధవారం నిల్. వచ్చే బుధవారం నిల్. ఆపై వారమూ నిల్. ఇంకా సూది మొహమే చూడని పిల్లలకు కూడా జ్వరం రాలేదని తేలిపోయింది! మన పంచాంగకర్తలకే ఇంత ధైర్యం లేదు.

"ముందే రాసేశారేంటమ్మా?"

"ఖాళీగా ఉంటే పైనుంచి ఫోనొస్తుంది సార్. నిల్ ఉంటే రాదు."

ఆమెను అనడానికి నోరు రాలేదు. ఆవిడ రాయాల్సిన రిజిస్టర్లు చూస్తే నాకే ఒళ్లు వెచ్చబడింది.

ఆ రాత్రి పిల్లకు జ్వరం, తొడ మీద గట్టిగా వాపు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా తర్వాత మామూలే, రెండ్రోజుల్లో తగ్గింది. కానీ ప్రభుత్వ లెక్కల ప్రకారం మా పిల్లకు జ్వరం రాలేదు కాబట్టి థర్మామీటర్‌ని మందలించి లోపల పెట్టాం. ఈ నిల్లు పీహెచ్‌సీలో మిగతా నిల్లులతో కలిసి జిల్లాకు వెళ్తుంది. సున్నాకు సున్నా కూడి పైకి పంపుతారు. కింద నిల్ రాసినచోట వాట్సాప్ బాబాయిలు వంద రాసుకుంటారు.

ఖమ్మం గుర్తొస్తే మాత్రం నవ్వు రాదు. 2009లో అక్కడ 10–14 ఏళ్ల ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు వార్డెన్లవి. వార్డెన్ కన్నాడా ఆ పిల్లల్ని? కొందరు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణ కమిటీ అంది. ఆ టీకా మంచిదే, నేనూ నమ్ముతాను. కానీ వేశాక ఎవరికేమైందో కనిపెట్టే ఏర్పాటే సరిగా లేదని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దులిపేసింది. చూడనివాళ్లు ‘ఏం కాలేదు’ అంటే ఏ తల్లి నమ్మాలి? ఎందుకు నమ్మాలి?

మా పిల్లకు మళ్లీ తొమ్మిదో నెలలో టీకా. తప్పకుండా వేయిస్తాం. కూర్చోవడానికి మా ఇంటి స్టూలే తీసుకెళ్తాను. ఆ రోజు గడి ఈపాటికే నిండి ఉంటుంది.