120 మంది కవులు, పాఠకుడు ఒక్కడూ లేడు

ఉగాది దగ్గరికొస్తోందంటే వాట్సాప్‌లో మొదలవుతుంది. "20 లైన్లు మించకుండా కవిత, పాస్‌పోర్టు సైజు ఫొటో, 500 రూపాయలు ఫోన్‌పే. పాల్గొన్నవారికి రెండు ప్రతులు, శాలువా, మెమెంటో, ప్రశంసాపత్రం." కవిత్వం రాసే అలవాటున్న ఎవరి ఫోన్లోనైనా ఇలాంటివి నాలుగైదు ఉంటాయి కాబట్టి ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేననేది ఒకటే. కవుల గ్రూపులు సభ్యుల దగ్గర డబ్బు తీసుకుని వచ్చిన కవితలన్నీ సంకలనంగా వేసేసే ఈ పద్ధతిని ఈ ఏడాది నుంచే మానెయ్యాలి.

ఉజ్జాయింపుగా ఓ లెక్క వేద్దాం. 120 మంది కవులు, తలా 500, మొత్తం 60,000. కాపీలు 300 వేస్తారు. కవులకి రెండేసి చొప్పున 240 పోయాయి. మిగిలిన 60 ముఖ్య అతిథికి, ఆత్మీయ అతిథులకి, ముందుమాటలు రాసిన నలుగురికి, అంకితం పుచ్చుకున్నాయనకి, సమీక్ష కోసం పత్రికలకి సరిపోతాయి. లోపల "ప్రతులకు" అని ఒక ఫోన్ నంబరు, వెల 150 అని ఉంటుంది. ఆ నంబరుకి ఎవరూ చెయ్యరు, చేసినా ఇవ్వడానికి కాపీ ఉండదు. అంటే పుస్తకం ఆవిష్కరణకి ముందే అమ్ముడైపోయింది, కొన్నది రాసినవాళ్లే. పాఠకుడనే మనిషితో ఎక్కడా పని పడలేదు.

పాఠకుడితో పని లేకపోయాక ఎడిటరుతో మాత్రం ఏం పని? అట్ట మీద "సంపాదకులు" అని పేరైతే ఉంటుంది. ఆయన చేసేది డబ్బు పడిందో లేదో చూసుకోవడం, డీటీపీ కుర్రాడి వెనక తిరగడం, రాత్రి పదకొండింటికి గ్రూపులో "ఇంకా 7 మంది ఫొటోలు రావాలి" అని పెట్టడం. పాపం నిజంగానే కష్టపడతాడు. కానీ 500 ఇచ్చినావిడకి "అమ్మా, ఆ చివరి రెండు లైన్లు తీసేస్తే బాగుంటుంది" అని ఏ నోటితో చెప్తాడు? చెప్తే వచ్చే ఏడాది ఆవిడ పక్క గ్రూపులో తేలుతుంది. తెలుగు కవిత్వంలో ఇవాళ అన్నిటికంటే కరువైన మాట "ఇది వద్దు". వద్దనాలంటే ముందు చదవాలి కదా.

నా సంగతే చెప్తాను. ఒక సంకలనంలో (పేరెందుకులెండి) నా కవిత వచ్చింది. పేజీలు సర్దేటప్పుడు ఏమైందో, నా చివరి నాలుగు లైన్లు ఎదురు పేజీ కవిత కిందికి, ఆవిడవి నా కిందికి వచ్చి కూర్చున్నాయి. నాది ఊరి చెరువు ఎండిపోవడం గురించి, ఆవిడది కూతురి పెళ్లి గురించి. చెరువు ఎండీ ఎండీ చివరికి అప్పగింతల్లో భోరున ఏడ్చింది. సభలో వక్త దాన్ని చదివి వినిపించారు, చప్పట్లు పడ్డాయి, తర్వాత ముగ్గురు ఫోన్ చేసి ముగింపు అదిరిందన్నారు. నేనేం చేశానంటారా? శాలువా కప్పుకుని ఫొటో దిగి వచ్చాను. ఆ వక్త చదువుతున్నప్పుడు నా ధ్యాస అంతా వీడియో తీస్తున్నారా లేదా అన్నదాని మీదే ఉంది. తప్పు పడిందని నాకే రెండు వారాలకి గానీ తెలియలేదు.

కొత్తవాళ్ల ఆశ మీద నీళ్లు చల్లుతున్నావంటారు కొందరు. రిటైరైన టీచర్లు, ఇంటి పనంతా అయ్యాక రాసుకునే ఆడవాళ్లు, నవ్య లాంటి వారపత్రికలే ఆగిపోయిన రోజుల్లో ఎక్కడ అచ్చవ్వాలి అని అడుగుతారు. సబబే. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికలో 354 మందిని వెయ్యలేదా అనీ అంటారు. వేశారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వినబడితే, ఇదిగో లెక్కపెట్టుకోండి అని వేసిన పుస్తకం అది. అక్కడ సంఖ్యే జవాబు. ఇప్పుడు మన 120 మంది ఎవరికి జవాబు? ఇంతమందితో వేశారని ఇచ్చే ఏదో రికార్డు సర్టిఫికెట్టుకా?

1965లో సమాజం మీద తిరగబడి రాసిన దిగంబర కవులు ఆరుగురే. మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి పూట నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. రెండోది విజయవాడలో ఒక హోటల్ క్లీనరు చేత, మూడోది విశాఖపట్నంలో బిచ్చమెత్తుకునే ఒకావిడ చేత. వాళ్ల కవిత్వంతో నాకు సవాలక్ష పేచీలున్నాయి, అవి ఇంకోరోజు. కానీ పుస్తకం ఎవరి చేతికి వెళ్లాలన్నది వాళ్లు ముందే తేల్చుకున్నారు. మన సభల్లో వేదిక మీద 14 మంది, కింద కుర్చీల్లో తమ వంతు రాగానే శాలువా అందుకుని బస్సు టైమైందని లేచిపోయే కవులు.

మరి దీని బదులు ఏం చెయ్యాలంటారా? డెమ్మీ సైజులో, అంటే మామూలు పుస్తకం సైజులో, 16 పేజీలంటే అచ్చులో ఒక ఫారం. మూడు నెలలకోసారి ఒక్క ఫారం వెయ్యండి చాలు. పది కవితలు. ఎడిటరు సభ్యుల్లోంచే ఉండాలి, ప్రతిసారీ మారాలి, ఆ మనిషి కవిత ఆ సంచికలో ఉండకూడదు. వెనక్కి పంపిన ప్రతి కవితకీ ఎందుకు వద్దో రెండు ముక్కలు రాయాలి. వెల 20 రూపాయలు. ఫ్రీ కాపీ ఎవరికీ లేదు, కవికి కూడా. పదిమందీ తలా ఇరవై అమ్ముకురావాలి, అదీ తోటి కవులకి కాదు. ఆటోస్టాండులో, స్కూలు స్టాఫ్‌రూములో, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి. పుస్తకం తిరగేసి "ఇందులో ఏముందండీ" అని అడిగే మనిషి ముందు ఒక్కసారి నిలబడితే, మూడు వర్క్‌షాపుల్లో రాని బుద్ధి వస్తుంది.

ఇంత మాట్లాడి అసలు దోషిని వదిలెయ్యకూడదు. కవిత్వం కొనాల్సిన మొదటి చోటు గ్రంథాలయం. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. మున్సిపాలిటీలు, పంచాయతీలు అది మన దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. చాలాచోట్ల చెయ్యవు, బకాయిలు పేరుకుపోతాయి. సెస్సు రాకపోతే పుస్తకాలు కొనరు, కొనేవాడు లేకపోతే కవి తన పుస్తకం తానే కొనుక్కుంటాడు. మన 500కి మూలం అక్కడుంది. ఈ బకాయిల మీద 120 మంది సంతకాలు చేసి కలెక్టరుకి అర్జీ పెట్టిన కవుల గ్రూపు నాకైతే ఇంతవరకు తగల్లేదు. ఉగాది పచ్చడి మీద మాత్రం 120 కవితలు పది రోజుల్లో వచ్చేస్తాయి.

మొన్న మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. కవిత్వం బీరువాలో పాత పుస్తకాల మధ్య కొత్తగా మెరుస్తున్నవి నాలుగే, నాలుగూ చందాలతో వేసిన సంకలనాలు, ఎవరో ఉచితంగా ఇచ్చి వెళ్లినవి. వెనకట్ట లోపల తేదీలు వేసే చీటీ తిప్పి చూశాను. మూడింటి మీద ఒక్క ముద్రా లేదు. నాలుగోదాని మీద ఒకటుంది, అది ఆ చెరువు కవిత ఉన్న పుస్తకం, పోయినేడాది నేనే తీసుకెళ్లాను.