పదేళ్ల నిషేధం రాసేస్తే బ్రాండు భద్రమట!

"ఫ్రాంచైజీ ఇస్తున్నారా? లాయర్ ఫీజు మిగిల్చే సూత్రాలు ఇవిగో" అనే మెసేజ్ ఏ గ్రూపు తెరిచినా కనిపిస్తోంది. పంపినవాళ్లలో నిజంగానే ఫ్రాంచైజీలు, అంటే తమ బ్రాండు పేరుతో షాపు నడుపుకునే హక్కు, ఇతరులకు ఇచ్చే పనిలో ఉన్నవాళ్లున్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

"వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ ముద్ర ఉంటే కోర్టులో తిరుగులేదు." నోటరీ చూసేది సంతకం పెట్టింది మీరేనా అని. క్లాజులు చెల్లుతాయో లేదో ఆయనకెందుకు? స్టాంపు సుంకం రాష్ట్రాన్ని బట్టి, ఒప్పందంలో ఏముందన్న దాన్ని బట్టి మారుతుంది. తక్కువ కడితే, ఆ తేడా, దానికి పదింతల దాకా పడే జరిమానా కట్టేవరకూ కోర్టు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

"గొడవొస్తే మా ఎండీయే ఆర్బిట్రేటర్ అని రాయండి." ఆర్బిట్రేటరంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి. ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో చేసిన సవరణతోనే ఆ తలుపు మూసుకుపోయింది. ఎండీ తాను కూర్చోలేనప్పుడు ఇంకొకరిని కూర్చోబెట్టే అధికారమూ ఆయనకు లేదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. సూత్రకర్తగారికి కబురు ఇంకా అందినట్టు లేదు.

"ఉల్లంఘిస్తే యాభై లక్షలు అని రాయండి, భయపడతారు." కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ లోపు సమంజసమైన పరిహారమే వస్తుంది. యాభై కోట్లని రాసినా అంతే.

ఇక అసలు ప్రమాదం దగ్గరికొద్దాం. "అగ్రిమెంటు ముగిశాక పదేళ్లు అదే వ్యాపారం చేయకూడదని రాయించుకోండి, బ్రాండు భద్రం." 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 చదివారా? ఎవరినైనా న్యాయబద్ధమైన వ్యాపారం చేయకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఆ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు గుడ్‌విల్, అంటే వ్యాపారానికున్న మంచిపేరు, అమ్మకానికి. ఒప్పందం నడుస్తున్నంత కాలం పోటీ వ్యాపారం చేయొద్దనడం వేరే సంగతి. గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో 1995లో సుప్రీంకోర్టు అలాంటి షరతును నిలబెట్టింది. మెసేజ్ రాసినాయన ఈ రెంటినీ కలిపి ఒకే ముద్ద చేశాడు.

చెల్లని క్లాజు ఉంటే నష్టమేమిటంటారా? దాన్ని నమ్ముకుని చెల్లేవి రాయడం మానేస్తారు. రేపు విడిపోయాక ఏం జరుగుతుందో చూడండి. షాపు లీజు ఫ్రాంచైజీ తీసుకున్నవాడి పేరు మీదే ఉంటుంది. బోర్డు మీద రెండక్షరాలు మార్చి అదే షట్టర్ ఎత్తుతాడు. కస్టమర్లు చేసే ఫోన్ నంబరు అతనిది, మ్యాప్‌లో షాపు పేజీ లాగిన్ అతనిది, మీ వ్యాపార పద్ధతులు రాసిన మాన్యువల్ కాపీ అతని ల్యాప్‌టాప్‌లో. ముగిసిన ఎన్ని రోజుల్లో బోర్డు దించాలి, నంబరు ఎవరికి బదలాయించాలి, లీజును మీ పేరుకు మార్చుకునే హక్కు ఉందా, ఉంటే షాపు యజమాని దానికి సంతకం పెట్టాడా, మిగిలిన సరుకు ఎవరు కొనాలి? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకున్నవాడికి పదేళ్ల నిషేధంతో పనుండదు.

"ట్రేడ్‌మార్క్ తర్వాత చూసుకోవచ్చు" అన్నది దీనికి తోడబుట్టినదే. మీరు అద్దెకిస్తున్నదే ఆ పేరు కదా మహానుభావా! రిజిస్టర్ కాని మార్కు మీద ఇన్‌ఫ్రింజ్‌మెంట్ (మార్కు హక్కు ఉల్లంఘన) దావా ఉండదు. పాసింగ్ ఆఫ్, అంటే తన సరుకును మీదిగా చలామణి చేస్తున్నాడు, అంటూ ఆ పేరుకున్న పలుకుబడిని మొదటి నుంచీ రుజువు చేసుకుంటూ రావాలి. ఇంకో తిరకాసు: రిజిస్ట్రేషన్ వ్యవస్థాపకుడి సొంత పేరు మీద ఉంటుంది, అగ్రిమెంటు మీద సంతకం మాత్రం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీది. మధ్యలో ఆయన కంపెనీకిచ్చిన లైసెన్సు కాగితమేదీ?

"లాభాల లెక్క నోటితో చెప్పండి, కాగితం మీద పెట్టకండి." దీన్ని సలహా అంటారా? అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకుంటే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అవతలివాడికి సెక్షన్ 19 ఇస్తుంది. నోటిమాటకు సాక్ష్యంగా మీ వాట్సాప్ వాయిస్ మెసేజులే చాలు.

చివరి సూత్రం, "నెట్‌లో నమూనా తీసుకుని మొదలుపెట్టండి" అన్నది. దీని మీదే విరుచుకుపడతానని మీరనుకుని ఉంటారు. కానీ ఇది సరైన మాటే. లాయర్లూ పాత నమూనాతోనే మొదలుపెడతారు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయన్న వాక్యం కొట్టేసి, మిగతాది మీరే నింపి లాయర్ దగ్గరికి తీసుకెళ్లండి. రాయల్టీ, అంటే అమ్మకాల్లో మీకు రావాల్సిన వాటా, మొత్తం అమ్మకం మీదా, జీఎస్టీ తీసేశాకా, డెలివరీ యాప్ కమీషన్ పోయాకా? అది ఏ లాయరూ మీ తరఫున తేల్చలేడు.