బావగారి స్పోర్ట్స్ కారు

మద్రాసు కొట్టూర్పురంలో ఒక రిటైర్డ్ పెద్దమనిషి దగ్గర టాపు లేని స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాతకాలపు కారు అమ్మకానికుందని తెలిసి, మా బావగారు నన్నూ వెంటబెట్టుకెళ్లారు. కారు నడుస్తోంది. కాగితాలున్నాయి. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. ధర ఆరు లక్షలన్నాడాయన, కనీసం ఒక్కసారి దగ్గకుండా. బావగారు బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, "ఆరు లక్షలా? ఆ డబ్బుకి పుదుపేటలో ఆరు కార్లొస్తాయిరా" అన్నారు.

పుదుపేటంటే పాత కార్ల సామాను అమ్మే బజారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆరూ వచ్చాయి. కాకపోతే విడివిడిగా వచ్చాయి.

ఆయన లెక్క మరీ తలాతోకా లేనిదని మాత్రం అనను. హెరాల్డ్ 1961 నుంచి మన మద్రాసులోనే తయారైన కారు. గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. ఛాసిస్, అంటే అడుగున ఉండే ఇనప చట్రం, వేరు, బాడీ వేరు. బాడీ ముక్కలన్నీ బోల్టుల మీదే నిలబడతాయి. టాపు కూడా అంతే, బోల్టులు విప్పితే చేతిలోకొస్తుంది. ఆ ఛాసిస్‌నే పొట్టిచేసి, 1962లో ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం హెరాల్డ్‌కి 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌కి 83. "అంటే ఎనిమిదిన్నర అంగుళాలు కోసేస్తే స్పిట్‌ఫైరే కదా!" అన్నారు బావగారు. కోయడమంటే ఆయనకి అంతవరకూ తెలిసింది బర్త్‌డే కేకు.

ఆ రంపాన్ని ఆపింది ఆర్టీవో ఆఫీసు బయట చెట్టుకింద కూర్చునే బ్రోకరు.

"ఆర్సీ బుక్కులు ఎన్ని ఉన్నాయి సార్?"

"మూడు."

"కార్లు?"

"ఒకటి. ఇంకా అవలేదు."

ఇంజిన్ నంబరు ఒక బుక్కులో, ఛాసిస్ నంబరు ఇంకో బుక్కులో. మూడో బుక్కు దేనిదో మాకూ తెలీదు, ఏదో సామానుతో ఉచితంగా వచ్చింది. బ్రోకరు కళ్లజోడు తీసి తుడుచుకుని పాఠం చెప్పాడు. యాభై ఏళ్లు దాటిన కార్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టారు, ఫీజు 20,000. కాని ఛాసిస్సూ బాడీ ఇంజినూ పెద్దగా మార్చకుండా ఉంటేనే. కోశారో, అది వింటేజూ కాదు, స్పోర్ట్సూ కాదు, కాయలాన్ కడ (పాత ఇనుము కొట్టు) సరుకు. అందుకని నంబర్లు రెండూ కలిసేలా ఒకే బుక్కు తాలూకు ఇంజినూ ఛాసిస్సూ ఎంచుకోమన్నాడు. రెండో ఇంజిన్ అప్పట్నుంచీ విల్లివాక్కంలో మా అక్కావాళ్ల వరండాలో ఉంది. దానిమీద ఒక గుడ్డ పరిచి అక్క ఫోను చార్జింగుకి పెడుతుంది.

ఎగ్మూరు పక్కన, కూవం ఒడ్డున ఉన్న పుదుపేటకి బావగారు ఆదివారాలు సంచీ పట్టుకుని, కొత్తిమీర కొనడానికి వెళ్లినంత తేలిగ్గా వెళ్లేవారు. ఇంత పాత సామాను ఎవరికీ అక్కర్లేదు కాబట్టి చవగ్గా ఇస్తారని ఆయన ధైర్యం. ఇంత పాత సామాను ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి ఎంతైనా ఇస్తాడని వాళ్ల ధైర్యం. తీరా తలుపులు తెచ్చి బిగించబోతే రెండూ ఎడమవైపువే. వెనక్కి పట్టుకెళ్తే కొట్టువాడు ఏమాత్రం తొణక్కుండా, "రెండు డోర్లన్నారు, రెండిచ్చాను" అన్నాడు. ఖర్చు చీటీలన్నీ అక్క పోపుల డబ్బాలో దాచేది. మొత్తం ఆరు లక్షలు దాటేనాటికి స్టీరింగింకా రాలేదు.

బిగింపుల కథ ఇంకోటి. బావగారి దగ్గరున్న పానాలన్నీ మిల్లీమీటర్లవి. హెరాల్డ్ బోల్టులు అంగుళాలవి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి పదమూడో నంబరు పానా వేస్తే పట్టినట్టే పడుతుంది. బావగారు ఊపిరి బిగబట్టి లాగారు. పానా "టక్" మంది. నట్టు మీద ఆరు మూలలుండాలి కదా, రెండు నునుపైపోయాయి. మళ్లీ లాగారు, ఇంకో రెండు పోయాయి. చివరికది గోళీకాయలా గుండ్రంగా మెరుస్తూ ఉండిపోయింది. పక్కింట్లో, రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన దగ్గర అంగుళాల పానాలున్నాయి. లైబ్రరీ పుస్తకంలా ఒక్కోటి నోటుబుక్కులో రాసుకుని, సాయంత్రం ఆరింటిలోగా తిరిగివ్వాలన్న షరతు మీద ఇచ్చేవాడు.

మొత్తానికి కారు లేచింది. టాపు విప్పి మేడమీద పెట్టారు. అక్క దానిమీద అప్పడాలు ఆరబోసింది. మద్రాసులో టాపు లేని కారు తొలిసారి రోడ్డెక్కించడానికి బావగారు ఎంచుకున్న నెల నవంబరు. పాడి ఫ్లైఓవరు ఎక్కేదాకా ఆకాశం మర్యాదగానే ఉంది. దిగేటప్పటికి కుండపోత. వైపర్లు పనిచేశాయి, అద్దానికి అవతలివైపు మాత్రమే. నేను గొడుగు పట్టాను, బావగారు స్టీరింగు పట్టారు, కాళ్లకింద నీళ్లలో ఒక అంగుళాల పానా చక్కగా ఈదుతోంది. పక్కనొచ్చి ఆగిన బస్సులోంచి కండక్టరు వంగి చూసి అడిగాడు: "సార్, సోప్ వేణుమా?" (సబ్బు కావాలా అని.)

తోసుకుంటూ ఇంటికొచ్చాం. పానా ఆరింటికి అందలేదని పక్కింటి పెద్దాయన ఖాతా మూసేశాడు.

మొన్న ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. కొట్టూర్పురం కారు కొన్నది ఈయనేనట, మైలాపూరు నుంచి రోజూ దాంట్లోనే తిరుగుతున్నాడు. కిటికీ అద్దం దింపే పిడి ఒకటి విరిగింది, పుదుపేటలో అడిగితే "హెరాల్డ్ సామానంతా విల్లివాక్కం సారు ఊడ్చుకెళ్లాడు" అని ఇల్లు చెప్పి పంపారట. పిడికి ఎంతైనా ఇస్తానన్నాడు. బావగారు వరండాలోని గుట్టనంతా ఒకసారి కలయజూసి, కాలుమీద కాలేసుకుని కూర్చున్నారు.

"ముక్కలుగా అమ్మే ఉద్దేశం లేదండీ. కొంటే మొత్తం కొనండి."

"ఎంత?"

"పదకొండు లక్షలు."

ఆయన నవ్వి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. అక్క వంటింట్లోంచి పిడి ఒకటి కొంగుచాటున పట్టుకుని గేటు దాకా పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పిడి లేదు.